చిరాకు, బిరక్త, రాగ: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఒకే ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ నడుస్తాయి. అర్జీలు, ఉత్తరాలు అటూ ఇటూ మార్చేవాళ్లం ఎక్కువగా తడబడేది చిరాకు దగ్గరే.

అపోహ: చిరాకంటే చిన్న కోపం.

కాదు. "ఎవరి మీద?" అని అడిగి చూడండి. కోపంగా ఉన్నవాళ్లు ఒక మనిషిని చూపిస్తారు. చిరాగ్గా ఉన్నవాళ్లు "ఎవరి మీదా కాదు, ఈ ఉక్కకి" అనొచ్చు. చెమటకి చొక్కా వీపుకంటుకుంటే వచ్చేది చిరాకే, కోపం కాదు. అది మనిషి మీదికి మళ్లితే క్రియ మారుతుంది. "నాకు చిరాగ్గా ఉంది" లోపలి సంగతి. "నా మీద చిరాకు పడ్డాడు" బయటికొచ్చిన సంగతి. కావాలని రేపితే "చిరాకు పెట్టాడు".

విసుగుదీ ఇదే దారి. "విసుగొచ్చింది" అంటే చేసిందే చేసి మనసు అలిసింది. "విసుక్కున్నాడు" అంటే ఎదుటివాళ్లకి మాట తగిలింది.

అపోహ: ఒడియా బిరక్త అంటే మన విరక్తే.

పుట్టుక ఒకటే, వాడుక వేరు. "సే బిరక్త హేలే" అంటే ఆయనకి చిరాకు వేసింది. దాన్ని "విరక్తి కలిగింది" అని రాస్తే, ఆయన సంసారం మీద ఆశ వదులుకున్నాడని తెలుగువాళ్లు అనుకుంటారు. రాగ ఇంకా ప్రమాదం. ఒడియాలో అది కోపం, "సే రాగిగలే" అంటే కోప్పడ్డారు. మనకేమో రాగం పాటలోది, అనురాగం ప్రేమ. చిరాకు పడడానికి దగ్గరి ఒడియా మాట చిడిబా. ఉడికించడానికి చిడాఇబా.

అపోహ: పసిపిల్లలకి చిరాకంటే మొండితనం.

జ్వరం బిడ్డని ఆస్పత్రికి తెచ్చిన తల్లి "చిరాగ్గా ఉన్నాడు" అంటే, ఒంట్లో బాగోక స్థిమితంగా ఉండడం లేదని. దాన్ని ఒడియాలోకి మార్చి డాక్టరుకి చెప్పేటప్పుడు రాగ అనకండి, అది అలకలా వినిపిస్తుంది. కనిపించేదే చెప్పండి: పాలు తాగట్లేదు, ఎత్తుకున్నా ఏడుపు ఆపట్లేదు, నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు.

అపోహ: కసురుకోవడం, చిర్రుబుర్రులాడడం, చిర్రెత్తడం ఒకటే.

ఓర్పు తెగిన క్షణం చిర్రెత్తడం. ఆ తర్వాత కాసేపు సాగేది చిర్రుబుర్రు. కసురుకోవడం మాత్రం సాధారణంగా పెద్దల నుంచి చిన్నవాళ్లకి. "కూతుర్ని కసురుకుంది" మామూలు మాట. "మామగారిని కసురుకుంది" అని రాశారంటే, ఆ కోడలు మర్యాద తప్పిందని కూడా రాసినట్టే.