87టి పడి, 63 పడకపోతే?

33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయినప్పుడు ప్యానెల్ మీద 87టి, 86 అని వచ్చింది, ఆ అంకెలేమిటని ఒక పాఠకుడు అడిగారు.

అవి ఐఈఈఈ సీ37.2 ప్రమాణంలోని అంకెలు. అంకె పనిని చెబుతుంది, పక్కన ఉన్న అక్షరం ఆ పని దేనికోసమో చెబుతుంది. 52 బ్రేకర్, 51 ఓవర్‌కరెంట్, 63 ప్రెషర్ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్లలో బుకోల్జ్, అంటే ట్యాంకు నూనెలో గ్యాస్ పుట్టినా, నూనె ఎగదన్నినా పసిగట్టే రిలే), 87 డిఫరెన్షియల్. 87టి ట్రాన్స్‌ఫార్మర్‌ది, 87బి బస్‌బార్‌ది. డిప్లొమా క్లాసుల్లో ఈ పట్టికను బట్టీ పట్టిస్తారు. దానికంటే ఒక్క ట్రిప్ సర్క్యూట్ డ్రాయింగ్ ముందు పెట్టి చదివిస్తే పిల్లలకు జన్మలో మరుపు రాదు.

87టి చేసేది రెండు వైపుల కరెంట్లను పోల్చడం. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో పూర్తి లోడు మీద 33 కేవీ వైపు 87.5 ఆంపియర్లు, 11 కేవీ వైపు 262 ఆంపియర్లు పారతాయి. సీటీలు (పెద్ద కరెంటును రిలేకి తగ్గట్టు తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) 100/1, 300/1 పెడితే రిలేకి (లోపం పసిగట్టి ట్రిప్ ఆజ్ఞ ఇచ్చే పరికరానికి) రెండు వైపుల నుంచీ 0.875 ఆంపియరే వస్తుంది. పరిమాణం సరిపోయింది, కోణం మాత్రం సరిపోలేదు. డీవైఎన్11 కనెక్షన్‌లో (33 కేవీ వైపు డెల్టా, 11 కేవీ వైపు స్టార్) 11 కేవీ వైపు 30 డిగ్రీలు ముందుంటుంది. సమానమైన రెండు కరెంట్ల మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే వాటి భేదం 52 శాతం! అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ లోపం లేకపోయినా, పికప్ (రిలే కదిలే కనీస భేదం) 20 శాతం దగ్గర ఉంటే లోడు 40 శాతం తాకేసరికి 87టి పడిపోతుంది, అంటే పనిచేసి ట్రిప్ ఇస్తుంది. రాత్రంతా బాగానే నడిచి, పొద్దున మోటార్ల లోడు రాగానే ట్రిప్ అయితే మొదట అనుమానించాల్సింది ఇదే. పాత రిలేలకు స్టార్ వైపు సీటీలను డెల్టాలో కలిపి ఈ కోణాన్ని సరిచేసేవారు. న్యూమరికల్ (మైక్రోప్రాసెసర్) రిలేలో వెక్టర్ గ్రూప్ 11 అని సెట్ చేస్తే చాలు. రెండూ కలిపి చేస్తే మళ్లీ తప్పే.

భేదం సున్నా వచ్చేదాకా వైర్లు మార్చి మార్చి చూడడం మంచి పద్ధతి కాదు. స్టెబిలిటీ టెస్ట్ చేయాలి. 11 కేవీ వైపు మూడు ఫేజులనూ సీటీల అవతల షార్ట్ చేసి, 33 కేవీ వైపు 415 వోల్టులు ఇవ్వాలి. ఇంపెడెన్స్ 7 శాతమైతే అటు 15-16 ఆంపియర్లు, ఇటు 47 దాకా పారతాయి. రిలేలో ఒక్కో వైపు 0.16 ఆంపియర్ దగ్గర కనిపించాలి, భేదం సున్నాకు దగ్గరగా ఉండాలి. భేదం 0.08 వస్తే 30 డిగ్రీల దిద్దుబాటు జరగలేదు. 0.31 వస్తే ఒక వైపు సీటీ పోలారిటీ తిరగబడింది.

86 మాస్టర్ ట్రిప్ రిలే. 87టి ఇచ్చిన ఆజ్ఞతో రెండు వైపుల 52లనూ తెరిచి, అలాగే తాళం వేసుకుంటుంది. కారణం తేల్చకుండా మళ్లీ ఛార్జ్ చేయకూడదు కాబట్టే దాన్ని మనిషి వచ్చి రీసెట్ చేసేలా పెడతారు.

ఇక కారణం వెతికేటప్పుడు 63 వైపు చూడాలి. బుకోల్జ్ చూసేది ట్యాంకులోని నూనెను మాత్రమే. 87టి పరిధి సీటీ నుంచి సీటీ వరకు, బుషింగులు (తీగలు ట్యాంకు నుంచి బయటికొచ్చే ఇన్సులేటర్లు), వాటికి కలిపే జంపర్ తీగలు కూడా అందులోవే. రెండూ పడితే లోపం లోపలే ఉంది, గ్యాస్ నమూనా తీసి పరీక్షకు పంపండి. 87టి ఒక్కటే పడితే ముందు బుషింగుల మీద కాలిన మచ్చలు, కింద చచ్చిన ఉడుతో తొండో ఉందేమో చూడండి, ఆ తర్వాత సీటీ వైరింగ్ చూడండి. బయట ఏదీ దొరకకపోతే, ఐఆర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్), రేషియో పరీక్షలు కాకుండా 86 మీద చెయ్యి వేయకండి.