పేపర్లు లేని జాతి కుక్క: రిజిస్టర్ ఎలా మూసుకుంది, వయసు నిబంధన ఎందుకు ఆలస్యమైంది

కుక్కకు జాతి లక్షణాలన్నీ ఉన్నాయి, వంశాన్ని చూపే పేపర్లు మాత్రం లేవు. దాన్ని కెన్నెల్ క్లబ్‌లో, అంటే జాతి కుక్కలను నమోదు చేసే సంఘంలో, రిజిస్టర్ చేయించవచ్చా? ఇలా అడిగేవాళ్లలో చాలామంది ఆ వెంటనే ఇంకోటి కూడా అడుగుతారు: ఏ వయసులో క్రాసింగ్ చేయించవచ్చు? రిజిస్ట్రేషన్ పద్ధతులు వచ్చిన వందేళ్ల దాకా ఈ రెండో ప్రశ్నను ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఇప్పటి చిక్కులు చాలావరకు ఆ ఆలస్యం వల్ల వచ్చినవే.

రిజిస్ట్రేషన్ మొదలైంది పేర్ల గందరగోళం తీర్చడానికి. 1859 జూన్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పాయింటర్, సెట్టర్ జాతుల వేటకుక్కలతో ఒక డాగ్ షో జరిగింది. ఆ తర్వాత షోలు పెరిగాయి. ఒకే పేరు చాలా కుక్కలకు ఉండటంతో ఏ బహుమతి ఏ కుక్కదో తేల్చడం కష్టమైంది. 1873లో ఏర్పడిన బ్రిటన్ కెన్నెల్ క్లబ్, మరుసటి ఏడాదే పాత షోల ఫలితాలతో తొలి స్టడ్ బుక్ (జాతి కుక్కల నమోదు పుస్తకం) తెచ్చింది. 1880లో కుక్కల పేర్లను నమోదు చేసే పద్ధతి పెట్టింది. వంశం స్వచ్ఛమైనదని హామీ ఇవ్వడం అప్పటి ఉద్దేశం కాదు.

జర్మన్ షెపర్డ్ సంగతే చూడండి. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఒక షోలో నచ్చిన గొర్రెల కాపరి కుక్కను కొన్నాడు. హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్ అని దాని పేరు మార్చి, కొత్తగా తెరిచిన రిజిస్టర్‌లో మొదటి నంబరు ఇచ్చాడు. ఆ జాతికి రిజిస్టరే దానితో మొదలైంది కాబట్టి అంతకుముందు దానికి ఆ పేపర్లు ఉండే వీలే లేదు. ఏ జాతి పుస్తకమైనా తొలి పేజీల్లో ఇలాంటి కుక్కలే ఉంటాయి. పేపర్లు లేవని ఒక కుక్కను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాత తలుపులు మూసుకున్నాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1884లో, వివిధ దేశాల కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ 1911లో వచ్చాయి. తల్లిదండ్రులిద్దరూ నమోదై ఉంటేనే పిల్లకు నమోదు అన్నది మామూలు నియమమైంది. వంశావళి స్పష్టంగా నిలవడానికి అది ఉపయోగపడింది. కానీ కొత్త రక్తం రావడం ఆగిపోయింది.

దాని ఫలితం డాల్మేషియన్ అనే మచ్చల కుక్కల జాతిలో బాగా కనిపిస్తుంది. మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై రాళ్లు ఏర్పడే జన్యులోపం ఆ జాతి అంతటికీ పాకిపోయింది. సరైన జన్యువు ఉన్న కుక్క జాతిలోనే లేనప్పుడు ఎంత జాగ్రత్తగా జత కలిపినా లాభం ఉండదు. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక పాయింటర్‌తో సంకరం చేయించి, తర్వాత ప్రతి తరాన్నీ మళ్లీ డాల్మేషియన్లతోనే కలిపాడు. 1981లో ఆ వంశపు కుక్కలు రెండింటిని అమెరికన్ క్లబ్ నమోదు చేసింది. డాల్మేషియన్ జాతి క్లబ్ సభ్యులు అభ్యంతరం చెప్పడంతో ఆపేసింది. తిరిగి ఒప్పుకున్నది 2011లో. ఎప్పుడో ఒక్క పాయింటర్ కలిసిందన్న కారణంతో ఆరోగ్యమైన కుక్కలను 30 ఏళ్లు బయట ఉంచడం నా దృష్టిలో పెద్ద తప్పు. బసెంజీ అనే ఆఫ్రికా జాతి విషయంలో అమెరికన్ క్లబ్ కొంత త్వరగా కదిలింది. ఆఫ్రికా నుంచి తెచ్చిన కుక్కల కోసం 1990లో మూసిన రిజిస్టర్‌ను మళ్లీ తెరిచింది.

మామూలు యజమానులకు ఉన్నవి పక్క దారులే. ఎఫ్‌సీఐ పద్ధతిలో మూడు తరాల వంశావళి లేని కుక్కను అనుబంధ రిజిస్టర్‌లో చేర్చే వీలుంది. అమెరికన్ క్లబ్ 1930ల నుంచి ఇంకో దారి ఉంచింది. అందులో చేరిన కుక్క పోటీల్లో పాల్గొనవచ్చు, కానీ దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉండాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పోటీకి ప్రవేశం వేరు, పిల్లలకు పేపర్లు వేరు. డీఎన్‌ఏ పరీక్ష వచ్చినా ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. ఫలానా కుక్కలే తల్లిదండ్రులని తేల్చాలంటే వాటి నమూనాలూ కావాలి కదా.

ఇక వయసు. పుస్తకాలు వంశాన్ని రాసుకున్నాయి, కనే తల్లి ఒంటిని చూడలేదు. ఆడకుక్క ఆరు నెలలకే హీట్‌కి (ఎదకు) రావచ్చు. అప్పటికి అదింకా ఎదుగుతున్న పిల్లే, పెద్ద జాతుల్లో ఎముకలు గట్టిపడటానికి ఏడాది దాటుతుంది. అయినా అమెరికన్ క్లబ్ నియమం క్రాసింగ్ నాటికి తల్లికి ఎనిమిది నెలలు నిండితే చాలంటుంది. అది నమోదుకు కనీస వయసే, దాన్ని సలహాగా తీసుకోకూడదు. బాధ్యత గల బ్రీడర్లు రెండేళ్లు ఆగమనడానికి ముఖ్య కారణం తుంటి కీలు జబ్బు. 1966లో మొదలైన, కుక్కల కీళ్ల ఎక్స్‌రేలు పరిశీలించే అమెరికా సంస్థ ఓఎఫ్‌ఏ తుంటి ఎక్స్‌రేకు తుది సర్టిఫికెట్ 24 నెలలు నిండాకే ఇస్తుంది.

బ్రిటన్‌లో 1999 నాటి చట్టం, లైసెన్స్ ఉన్న బ్రీడర్లు ఏడాది నిండని కుక్కకు క్రాసింగ్ చేయించకూడదని, జీవితంలో ఆరు ఈతలు మించకూడదని, ఈతకూ ఈతకూ మధ్య 12 నెలలు ఉండాలని చెప్పింది. 2008లో బీబీసీ డాక్యుమెంటరీ ఒకటి జాతి కుక్కల జబ్బులను బయటపెట్టాక అక్కడి కెన్నెల్ క్లబ్ మీద ఒత్తిడి పెరిగింది. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువులను కలిపి పుట్టించిన పిల్లలకు 2009లో నమోదు ఆపేసింది. 2012లో ఈతల పరిమితిని ఆరు నుంచి నాలుగుకు తగ్గించింది.

క్లబ్ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, పిల్లలకు పేపర్లు ఇవ్వకపోవడం. పేపర్లు అక్కర్లేని బ్రీడర్‌ను అది తాకదు. పేపర్లు లేని ఆడకుక్క కొత్తగా రిజిస్టర్‌లోకి వస్తే ఇంకో ఇబ్బంది, దాని పుట్టిన తేదీకి రుజువు ఉండదు. సుమారు ఏడు నెలలకల్లా శాశ్వత దంతాలన్నీ వచ్చేస్తాయి. ఆ తర్వాత పళ్ల అరుగుదల చూసి డాక్టర్ చెప్పేది అంచనానే. అంతకుముందు ఎన్ని ఈతలు ఈనిందో ఎవరూ చెప్పలేరు. అందుకే పేపర్లు లేని కుక్కను రిజిస్టర్‌లో చేర్చే ముందు చేసే పరీక్షలో రూపం ఒక్కటే చూస్తే సరిపోదు. మైక్రోచిప్, డీఎన్‌ఏ నమూనా, తుంటి, కళ్ల పరీక్షలు ఆ రోజే జరగాలి. వయసు మీద అనుమానం ఉంటే చిన్న కుక్కను ఇంకా చిన్నదనుకుని ఆగాలి, పెద్దదాన్ని ఇంకా పెద్దదనుకుని క్రాసింగ్ మానేయాలి.