అలిగిన తలుపు, పౌడర్ రాసుకున్న గోడ: పాత ఇళ్ళ అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సున్నపు గోడల ఇంట్లో ఉండేవాళ్ళు ఇంటి మీద ఏదో ఒక జోకు వేసుకుంటూనే ఉంటారు. పాత ఇళ్ళ మరమ్మతులు చేసే మేము ఆ జోకుల్ని చెవిపెట్టి వింటాం. ఇంటికి వచ్చిన జబ్బేమిటో సగం వాటిలోనే తెలిసిపోతుంది.

అపోహ: వానాకాలంలో తలుపు పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టించాలి.

"ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కనట్టు, మా తలుపు దర్వాజలోకి రానంటోంది" అని నవ్వుకునేవాళ్ళు సరిగ్గానే చెబుతున్నారు. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, వానలు వెళ్ళాక సర్దుకుంటుంది. ఆషాఢంలో చిత్రిక పడితే సంక్రాంతికి ఆ సందులోంచి చలిగాలి కొడుతుంది. ముందు పై మడతబందు మరలు వదులయ్యాయేమో చూడండి. వదులైతే మర తీసి, తలలు విరిచేసిన రెండు మూడు అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఒక రోజు ఆరాక బిగించండి. అప్పటికీ పడుతుంటే దర్వాజ అంచుకు సుద్దముక్క రాసి తలుపు వేసి తీయండి. సుద్ద అంటిన చోట కొవ్వొత్తి రుద్దితే చాలు. చిత్రిక మాఘ, ఫాల్గుణాల్లో, అదీ ఇంకా రాసుకుంటుంటేనే.

అపోహ: గోడ పొడి రాలుతుంటే సిమెంటు పూస్తే పీడ పోతుంది.

పాత ఇళ్ళకు ఇంతకంటే చేటు చేసే పని ఇంకోటి లేదు. "గోడ మళ్ళీ పౌడర్ రాసుకుంది" అంటారే, ఆ పౌడర్ ఉప్పు. నేలలోంచి ఎక్కిన తడి సున్నంలోంచి ఆవిరై పోతూ ఉప్పును పైన వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడి ఇంకా పైకెక్కుతుంది, కొన్నాళ్ళకు సిమెంటు పెచ్చులూడి కింది సున్నాన్నీ వెంట లాక్కొస్తుంది. 1591 నాటి చార్మినార్ నిలిచింది రాయి, సున్నం మీదే.

చేయాల్సింది ఇది. తడి ఎక్కడిదో ముందు వెతకండి: కారే పైపు, గోడకానుకున్న మోరీ, బయట ఎత్తు పెంచిన గల్లీ. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. వదులైన పూత తీసి, గోడ ఆరాక, కనీసం రెండు వారాలు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్ళు కలిపి, 10 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేయండి. వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. ఈ వారం ఓపిక పట్టక ఎండకు వదిలేస్తే పూత నెర్రెలు విచ్చుతుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు, సున్నమే కొట్టండి.

అపోహ: నల్లా మోగితే కొత్తది కొనాల్సిందే.

"నీళ్ళు వదలగానే మా నల్లా సుప్రభాతం మొదలెడుతుంది." మొదటి నిమిషం బుసకొడితే అది పైపులో గాలి, మామూలే. ఆగకుండా మోగితే చాలాసార్లు లోపలి వాషర్ వదులై అదురుతున్నట్టు. వాషర్ మారిస్తే సరి. ఒక్క వాషర్ కోసం దుకాణానికి మూడుసార్లు తిరగడం ప్రతి పాత ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథే. ఫోన్‌లో ఫొటో చూపిస్తే సైజు తెలియదు, అందుకే ఆ తిరుగుడు. పాత వాషర్‌ను, అది బిగించి ఉండే స్పిండిల్‌తో (నల్లా లోపలి కడ్డీతో) సహా, జేబులో వేసుకుని ట్రూప్ బజారో రాణిగంజో వెళ్ళండి. నల్లానే విప్పాల్సి వస్తే రెండు రెంచీలు వాడండి: ఒకటి నల్లాకు, రెండోది గోడలోని పైపు కదలకుండా పట్టుకోవడానికి. తుప్పు పట్టిన పాత జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) గోడలో విరిగితే గోడంతా తవ్వాలి.

పాత మడతబందుకు జత కావాలంటే గురువారం జుమ్మేరాత్ బజార్‌లో వెతకండి. పాతది మాత్రం వెంట ఉండాలి.