పదిహేను చుక్కల ముగ్గులో దాగిన చతురస్రం

‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు.’ ముగ్గు వేసే చేతికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. మధ్య వరసలో 15, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గిస్తూ 8 దాకా. మరి మొత్తం చుక్కలెన్ని? 169.

వరసలు కూడకుండానే లెక్క తేలుతుంది. నడిమి చుక్కను పక్కన పెట్టండి. దాని చుట్టూ తొలి చుట్టులో 6, తర్వాత 12, 18... ఏడో చుట్టులో 42. ప్రతి చుట్టునూ ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి 1, 2, 3... 7 వస్తాయి. కలిపితే 28, త్రిభుజ సంఖ్య. 6 × 28 + 1 = 169. గీతలు గీసి పంచేటప్పుడు హద్దు మీది చుక్కల్ని ఒక పక్కకే ఇవ్వాలి. నడిమి చుక్కతో సహా రెండు పక్కలా లెక్కపెడితే వాటా 36 అయి, మొత్తం 216కి ఎగబాకుతుంది.

ఎదురు చుక్కలైతే, అంటే వరసకు రెండేసి తగ్గితే, గుణకం 4. 7 నుంచి 1 వరకు వేస్తే 4 × 6 + 1 = 25.

సందు చుక్కల వరుస 1, 7, 19, 37, 61, 91, 127, 169. మొదటి నుంచి కూడుతూ పోండి: 1, 8, 27, 64... అన్నీ ఘనాలే! బడిలో 1 నుంచి n వరకు కూడే n(n+1)/2 బట్టీ పట్టించి, సరిగ్గా ఈ రుచి దగ్గరే ఆపేస్తారు. కాబట్టి 169 = 8³ − 7³. అదే 13² కూడా. 13 అశుభమనేవాళ్లు ఏమన్నా అననీ, ఆ చుక్కల్ని 13 వరసల్లో 13 చొప్పున పేర్చవచ్చు. ఒంటి చుక్కను వదిలేస్తే, ఇంతకన్నా చిన్న సందు చుక్కల ముగ్గు వేటికీ ఈ యోగం లేదు.

తర్వాతిది ఎక్కడ? మధ్య వరస y అయితే మొత్తం (3y² + 1)/4. అది m² కావాలంటే, x = 2m అనుకుని, x² − 3y² = 1. పూర్ణసంఖ్యల్లోనే జవాబు వెతకాల్సిన ఇలాంటి వర్గ సమీకరణానికి మన పాత గణితంలో పేరు వర్గప్రకృతి. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన ‘భావన’తో ఒక జవాబు నుంచి మరొకటి పుట్టించవచ్చు: కొత్త x = 2x + 3y, కొత్త y = x + 2y. (2, 1)తో మొదలుపెడితే (7, 4), (26, 15), (97, 56), (362, 209). y సరిసంఖ్య అయిన జంటలు పనికిరావు, మధ్య వరసకు నడిమి చుక్కే ఉండదు. మిగిలింది 209 చుక్కలు, 105 వరకు. మొత్తం 32,761, అంటే 181². చుక్కకూ చుక్కకూ రెండంగుళాలు వదిలితే మధ్య వరసకే దాదాపు 35 అడుగుల వాకిలి కావాలి.