"మీ ముందు చేయడం లేదు డాక్టర్ గారూ": టిక్స్ గురించి అపోహలు - వాస్తవాలు

కళ్ళు టపటపలాడిస్తున్నాడని ముందు కంటి డాక్టరు, గొంతు సవరించుకుంటూనే ఉన్నాడని తర్వాత చెవి-ముక్కు-గొంతు డాక్టరు, మధ్యలో ఒక తాయెత్తు. పిల్లల్లో ఇలా తమ ప్రమేయం లేకుండా పదేపదే వచ్చే కదలికలను, శబ్దాలను టిక్స్ అంటాం. పిల్లల మానసిక వైద్యంలో ఉన్న నా దగ్గరికి వచ్చేసరికి ఫైలు లావెక్కి ఉంటుంది. దానితో పాటు వచ్చే అపోహలు కొన్ని.

అపోహ: కావాలనే చేస్తున్నాడు, తలచుకుంటే ఆపగలడు.

అన్నిటిలోకీ మొండిది ఇదే, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. ఒక పదేళ్ళ బాబు నా ఎదుట పావుగంట బొమ్మలా కూర్చున్నాడు. "చూశారా, మీ ముందు ఒక్కసారి కూడా చేయలేదు" అని తండ్రి గొంతు పెంచారు. బాబు రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఉన్నాడు, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు పూర్తిగా మూసుకోకముందే మెడ విసురు, భుజం ఎగరేయడం, గొంతులో చిన్న కూత, ఒకదాని వెంట ఒకటి.

తండ్రిని రెప్ప వేయకుండా ఒక నిమిషం ఉండమన్నాను. అరనిమిషంలోపే కళ్ళలో నీళ్ళు తిరిగి రెప్ప పడింది. "కావాలని వేశారా?" అంటే నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వాస్తవం: చాలామందికి టిక్ వచ్చేముందు ఆ చోట దురద లాంటిదో బిగువో తెలుస్తుంది, చేస్తే క్షణం సేపు తెరిపి. కొంతసేపు ఆపుకోగలరు. బడిలో రోజంతా అదే పని (పాఠం తలకెక్కలేదని తిట్టేది కూడా మనమే). ఇంటికి రాగానే కట్ట తెగుతుంది.

అపోహ: దిష్టి, లేకపోతే పెంపకం లోపం.

వాస్తవం: రెండూ కాదు. మెదడులో కదలికలను అదుపుచేసే వలయాల తీరులో తేడా ఇది, వంశంలో నడుస్తుంది. ఒత్తిడి, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయే గానీ పుట్టించవు.

అపోహ: టూరెట్ అంటే బూతులు తిట్టే జబ్బు.

వాస్తవం: అది సుమారు 10 నుంచి 15 శాతం మందిలోనే. 18 ఏళ్ళలోపు మొదలై, ఏడాది దాటి, పలు కదలికలతో పాటు కనీసం ఒక శబ్దపు టిక్ కూడా ఉంటే టూరెట్ అంటాం. ఏడాది దాటినా కదలికలో శబ్దాలో ఒక్క రకమే ఉంటే దీర్ఘకాలిక టిక్ సమస్య. 1885లో దీన్ని వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడు జిల్ డి లా టూరెట్ పేరే దీనికి స్థిరపడింది.

అపోహ: మందు పడితే పోతుంది, లేదంటే జీవితాంతం ఇంతే.

వాస్తవం: సాధారణంగా 4-6 ఏళ్ళకు మొదలై, 10-12 ఏళ్ళప్పుడు ఉధృతమై, చాలామందిలో యుక్తవయసు ముగిసేలోపు తగ్గుతాయి. కొందరిలో ఉండిపోతాయి. ఈలోపు వారాల తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మరీ ఎక్కువైనప్పుడు కట్టిన తాయెత్తుకు పేరు వచ్చేది ఇలాగే. ఇబ్బంది లేకపోతే మందు అక్కరలేదు. ఉంటే ముందు శిక్షణ: మెడ విసురు రాబోతోందని తెలియగానే గడ్డం మెల్లగా దించి, మెడ కండరాలు బిగించి, ఆ ఒత్తిడి తగ్గేదాకా అలాగే ఉంచడం. అది చాలనప్పుడు క్లోనిడిన్, అరిపిప్రజోల్ వంటి మందులు. చాలా ఇళ్ళలో టిక్స్ కన్నా వాటితో పాటు ఉండే ఏకాగ్రత లోపమో, పదేపదే చేతులు కడిగే చాదస్తమో ఎక్కువ బాధపెడుతుంది. ముందు చూడాల్సింది దాన్ని.

ఆ బాబు టీచరుకు ఒక చీటీ రాసి ఇచ్చాను: పట్టించుకోవద్దు, మందలించవద్దు, అడిగితే ఐదు నిమిషాలు బయటికి పంపండి.