ఇంట్లో వీడియో ఆగుతోందని నెట్ ప్లాన్ పెంచకండి: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, బొబ్బిలి, రాజాం వైపు ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ వైరింగ్ చేయడం నా పని. ఒక కంప్యూటర్లో ఉన్న వీడియోలు మిగతా కంప్యూటర్లలోనూ టీవీలోనూ చూసుకునేలా పెట్టమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పెళ్ళి వీడియోలు, పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో ఫోన్లో తీసుకున్నవి, పిల్లల క్లాసుల రికార్డింగులు అన్నీ ఒకే హార్డ్‌డిస్కులో ఉంటాయి. చూసేవాళ్ళు నలుగురు. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కానీ అక్కర్లేని చోట వేలు పోసి, కావలసిన చోట మంచి తీగకి వెనకాడుతున్నారు. అది చూస్తే బాధేస్తుంది.

అపోహ: "అందరూ ఒకేసారి చూస్తే డేటా అయిపోతాది కదేటి?"

అవదు. వీడియో మీ కంప్యూటరు నుంచి రౌటరు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచే పక్కగదికి మళ్ళుతుంది. వీధిలోని ఫైబరు దాకా పోనే పోదు. ఫైబరు తెగినా ఇంట్లో ప్రసారం ఆగదు, రౌటరుకి కరెంటు ఉంటే చాలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తరవాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. మన జిల్లాలకి తుపాన్లు కొత్త కాదు. ఇన్వర్టరు మీద ఒక రౌటరూ ఒక ల్యాప్‌టాపూ నడిచినా, నెట్ లేని రోజుల్లో పిల్లల పాఠాలు ఆగవు. వీడియోలని మిగతా కంప్యూటర్లకి పంచే సర్వరు ప్రోగ్రాము దించుకోవడానికి మాత్రం ముందే నెట్ కావాలి.

అపోహ: "వీడియో ఆగి ఆగి వస్తోంది, పెద్ద ప్లాన్ తీసుకుంటే సరిపోతాది."

నేను ఎక్కువగా వినేది ఇదే. పైన చెప్పిన కారణంగానే ఇంట్లో వీడియోకీ ప్లానుకీ సంబంధం లేదు. లెక్క చూడండి. రెండున్నర గంటల సినిమా 4 జీబీ ఫైలయితే సెకనుకి సగటున మూడున్నర మెగాబిట్లు చాలు. రౌటరు ఒకే ప్రసారాన్ని నలుగురికీ పంచదు, ఒక్కొక్కరికీ వేరే కాపీ వెళుతుంది. అయినా నలుగురికీ కలిపి 14 మెగాబిట్లే. మరి ఎందుకు ఆగుతోంది? వైఫై వల్ల.

రౌటరు పెట్టె మీద ఉన్న 300 మెగాబిట్లు అనే అంకె కాగితం మీది వేగం. వైఫైలో ఒక ఛానల్ మీద సాధారణంగా ఒకసారికి ఒక పరికరమే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. వైఫై వాడే తరంగాల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్ళు మూడే: 1, 6, 11. వాటిలోనే పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ ఉంటారు. పైగా వీడియోలున్న కంప్యూటరూ వైఫైలో ఉండి, చూసే కంప్యూటరూ వైఫైలో ఉంటే ప్రతి ముక్కా గాల్లో రెండుసార్లు ప్రయాణించాలి, రౌటరుకి ఒకసారి, అక్కణ్ణుంచి ఇంకోసారి. అందుకే నేను ఎవరింటికెళ్ళినా మొదట చేసే పని ఒకటే: రౌటరు నుంచి వీడియోలున్న కంప్యూటరుకి నెట్‌వర్క్ తీగ వేయడం. ఆ ఒక్క తీగతో గాలి మీది భారం సగానికి తగ్గుతుంది. చాలా ఇళ్ళలో ఇంకేమీ చెయ్యక్కర్లేదు.

వైఫైలో రెండో రకం, 5 గిగాహెర్ట్జ్, వేగమైనదే, కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మేడమీద గదికి స్లాబు దాటి వెళ్ళాలంటే తీగే నయం.

తీగ దగ్గర కూడా మోసం ఉంది. క్యాట్ 5ఈ అనే రకం నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల దాకా సెకనుకి గిగాబిట్ (వెయ్యి మెగాబిట్లు) మోస్తుంది, కానీ అందుకు లోపలి ఎనిమిది పోగులూ పనిచేయాలి. సెకనుకి 100 మెగాబిట్లకి నాలుగు చాలు. ఒక పోగు తెగితే కనెక్షన్ పోకుండానే వేగం చప్పుడు లేకుండా 100కి పడిపోవచ్చు, మీకు తెలియదు కూడా. కొన్ని కెమెరాలు 4కేలో సెకనుకి 100 మెగాబిట్ల దాకా రికార్డు చేస్తాయి. అలాంటి పెళ్ళి వీడియో ఒక్కటి చాలు, ఆ తీగ నిండిపోవడానికి. కొనేటప్పుడు పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. తీసుకోకండి.

అపోహ: "దీనికి ఖరీదైన సర్వరు కావాలి."

పంపడం వేరు, మార్చడం వేరు. ఫైలుని ఉన్నదున్నట్టు పంపడానికి పాత డెస్క్‌టాప్ చాలు. మామూలు హార్డ్‌డిస్కు కూడా నలుగురు చూసే వేగం కన్నా ఎన్నో రెట్లు వేగంగా చదువుతుంది. చిక్కు ఎక్కడంటే, వీడియోని కుదించే పద్ధతుల్లో 2013లో వచ్చిన హెచ్.265లో ఫైలుంటే పాత కంప్యూటర్లు దాన్ని సాఫీగా ఆడించలేవు. అప్పుడు జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సర్వర్లు అప్పటికప్పుడు పాత పద్ధతి హెచ్.264లోకి మార్చి పంపుతాయి. ఫ్యాను హోరెత్తేది అప్పుడే. కొత్త మెషిను కొనేముందు అలాంటి ఫైళ్ళని రాత్రిపూట హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాములో ఒకసారి మార్చి పెట్టుకోండి. బ్రౌజర్లో కాకుండా వీఎల్‌సీ, కోడీ లాంటి వీడియో ప్లేయర్లలో తెరిచినా చాలాసార్లు మార్చే అవసరమే రాదు.

అపోహ: "ఇంకో రౌటరు పెడితే అన్ని గదులకీ అందుతాది."

సిగ్నల్ అందుతుంది, వీడియోలు కనబడకపోవచ్చు. ఫైబరు డబ్బాకి కొత్త రౌటరుని మామూలుగా తగిలిస్తే ఇంట్లో రెండు వేరువేరు నెట్‌వర్కులు తయారవుతాయి. టీవీ ఒకదానిలో, కంప్యూటరు ఇంకోదానిలో ఉంటే టీవీ జాబితాలో సర్వరు పేరే రాదు. రెండో రౌటరుని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే సొంత నెట్‌వర్కు తయారుచేయకుండా మొదటిదాన్నే పొడిగించేలా, పెట్టండి, అయిపోతుంది. అతిథుల కోసం వేరుగా ఉండే గెస్ట్ వైఫైలో కలిపినా, విండోస్‌లో నెట్‌వర్కుని పబ్లిక్‌గా ఉంచినా ఇదే ఇబ్బంది.

అపోహ: "అన్ని కంప్యూటర్లలోనూ కనిపిస్తున్నాయి, ఇంక పోవు."

కనిపించేది అన్నిచోట్లా, ఉన్నది ఒక్కచోటే. ఆ డిస్కు పోతే అందరికీ ఒకేసారి పోతుంది. పంచుకునే ఫోల్డరుకి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి, లేకపోతే పక్కగదిలో పిల్లాడు డిలీట్ నొక్కినా ఫైలు పోతుంది, సాధారణంగా రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. పెళ్ళివీ, పెద్దవాళ్ళవీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి, వీలైతే వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్య ఇంట్లోనో తమ్ముడి దగ్గరో ఉంచండి.