వీధి దీపాలు మారాయి, ఆఫీసులు ఎందుకు మారలేదు?

మన పట్టణాల్లో వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారి ఏళ్లు గడిచాయి. వాటిని మార్చిన కార్పొరేషన్లే తమ ఆఫీసులు, బడులు, ఆసుపత్రుల జోలికి పెద్దగా వెళ్లలేదు. విజయవాడ, గుంటూరులో ఏప్రిల్, మే ఎండలకు ఉడికిపోయే ప్రభుత్వ భవనాలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇది ఒక్కరోజులో వచ్చిన సమస్య కాదు.

పాత తరం కట్టడాలు వేడిని కొంత ఆపేవి. విజయవాడ బందరు రోడ్డులో 1887లో పునాది పడిన విక్టోరియా జూబ్లీ మ్యూజియం లాంటివి మందపాటి గోడలతో, ఎత్తైన కప్పులతో కట్టారు. తర్వాత కాంక్రీటు స్లాబులు, ఫ్యాన్లు, ఆపైన గదికో ఏసీ వచ్చాయి. స్లాబు పగలంతా కాగుతుంది, ఏసీ ఆ వేడితోనే పోరాడుతుంది.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. భవనాల్లో కరెంటు పొదుపుకు నిబంధనలు పెట్టే కోడ్ 2007లో తయారైంది. ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలో దాన్ని తప్పనిసరి చేసింది. కానీ ఆ నిబంధనల చూపంతా కొత్తగా కట్టే పెద్ద భవనాల మీదే. అప్పటికే నిలబడి ఉన్న వార్డు ఆఫీసును ఎవరు బాగు చేయాలి, ఏ పద్దు నుంచి? దానికి స్పష్టమైన జవాబు రాలేదు. 2007-12 మధ్య కేంద్రం దేశంలోని 175 మున్సిపాలిటీల్లో ఎనర్జీ ఆడిట్లు (కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో చూసే తనిఖీలు) చేయించి, డీపీఆర్‌లు, అంటే సవివర ప్రాజెక్టు రిపోర్టులు, రాయించే పని చేపట్టింది. రిపోర్టు రాయించడం ఒక ఎత్తు, టెండరు దాకా తీసుకెళ్లడం మరో ఎత్తు.

2009లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ వేరే దారి పట్టింది: ముందు తానే పెట్టుబడి పెట్టి, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బులోంచి వాయిదాల్లో రాబట్టుకోవడం. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధి దీపాలు అలాగే మారాయి. అక్కడ లెక్క తేలిక. ఎన్ని దీపాలు, ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని చూస్తే చాలు. భవనంలో అలా కుదరదు. ఈ ఏడాది రెండు ఏసీలు, పది కంప్యూటర్లు అదనంగా వస్తే మిగులు ఎంతో ఎలా తేలుస్తారు? పైగా కరెంటు పంపిణీ చేసే డిస్కంకి బకాయి పడ్డ సంస్థ దగ్గర మిగులు కాగితం మీదే ఉంటుంది. అందులో వాటా కోసం ఏ కంపెనీ డబ్బు పెడుతుంది?

విభజన తర్వాత మన దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. 2015-16లో హైదరాబాద్ నుంచి తరలివచ్చిన శాఖలు చాలావరకు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అద్దె భవనాల్లో దిగాయి. బిల్లు కట్టేది శాఖ, గోడ యజమానిది. కప్పుకి చల్లదనం పూత వేయించాలని ఇద్దరిలో ఎవరికీ తొందర ఉండదు.

అసలు పనికి ముందు జరగాల్సిన తయారీకే స్థానిక సంస్థల దగ్గర డబ్బు ఉండదన్న ఇబ్బందిని యూరప్ గుర్తించి 2009లో ఎలెనా అనే సాయాన్ని మొదలుపెట్టింది. ఆడిట్, డిజైన్, టెండరు పత్రాల లాంటి తయారీ ఖర్చులో 90 శాతం వరకు అది స్థానిక సంస్థలకు ఇస్తుంది. అసలు పనికి డబ్బు తర్వాతి సంగతి. మన కార్పొరేషన్లకు లేనిది సరిగ్గా ఈ మొదటి మెట్టే. మంచినీళ్లు, డ్రైనేజీ చూసే ఇంజనీరే ఇంధన ఒప్పందం కూడా రాయాలంటే ఎప్పటికి పూర్తవుతుంది? రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్ దగ్గర నిపుణులున్నారు. వాళ్లు ప్రతి కార్పొరేషన్‌తో కలిసి కరెంటు మీటర్ల వారీగా భవనాల జాబితా తీయాలి. బడి స్లాబుల పని వేసవి సెలవుల్లోనే వీలవుతుంది కాబట్టి, టెండర్లు సంక్రాంతికల్లా సిద్ధమవ్వాలి.